బ్రౌజర్లో తెరుచుకునే ఫైలు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి అందకపోతే: హెడర్లు చూడటం, మార్చడం

రాత్రి పదకొండున్నరకి మా టీంలో కొత్తగా చేరిన అబ్బాయి ఫోన్ చేశాడు. “అక్కా, 212 ఆర్టికల్స్ రన్ అయ్యాయి కానీ ఒక్కదాంట్లో కూడా జర్నల్ పేరు రాలేదు. జర్నల్ లిస్టు ఫైలు లోడ్ కాలేదని వార్నింగ్ ఇస్తోంది. అదే అడ్రస్ క్రోమ్‌లో పెడితే చక్కగా తెరుచుకుంటోంది” అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. పొద్దున ఆరింటికల్లా ఆ ఫైళ్లు పబ్లిషర్‌కి వెళ్లాలి.

నాది నెల్లూరు. చెన్నైలో సైన్స్ జర్నళ్లకి ఎక్స్‌ఎమ్‌ఎల్ తయారుచేసే ఒక యూనిట్లో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. “బ్రౌజర్లో వస్తోంది, స్క్రిప్టులో రావట్లేదు” అనే మాట ఈ 14 ఏళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ నేను మొదట చేసే పని ఒక్కటే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని (ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లని వేరే రూపంలోకి మార్చే భాష) నడిపే ప్రాసెసర్ సర్వర్‌ని ఏమని అడుగుతోందో, ఆ మాటలు, అంటే రిక్వెస్ట్‌తో వెళ్లే హెడర్లు, ఉన్నవి ఉన్నట్టుగా కళ్లారా చూస్తాను. స్టైల్‌షీట్ (ఎలా మార్చాలో రాసిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైలు) జోలికి ఆ తర్వాతే వెళ్తాను. ఆ అబ్బాయికి ఆ రాత్రి ఫోన్లో చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ నెట్‌లోకి వెళ్లే ముఖ్యమైన దారులు మూడు. స్టైల్‌షీట్‌లో ఇంపోర్ట్, ఇన్‌క్లూడ్ రాసినప్పుడు ఒకటి. డాక్యుమెంట్ ఫంక్షన్‌తో వేరే ఫైలు పిలిచినప్పుడు రెండోది. మూడోది చాలామంది మర్చిపోయేది: ఇన్‌పుట్ ఫైలు పైన డాక్‌టైప్ ఉంటే, అందులో చెప్పిన డీటీడీ (ఫైల్లో ఏయే ట్యాగులు ఉండొచ్చో చెప్పే నియమాల ఫైలు) కోసం, ఫైలు చదివే పార్సర్ తనంతట తనే వెళ్తుంది. మీరు పిలవలేదు కాబట్టి అది వెళ్లిందని కూడా మీకు తెలియదు. మా జర్నల్ ఫైళ్లు వాడే జాట్స్ లాంటి డీటీడీలైతే ఒక్క ఫైలుతో అయిపోవు, వాటి వెంట పదుల కొద్దీ మాడ్యూళ్లు వస్తాయి. ఏ దారిలో ఏయే ఫైళ్లు వస్తున్నాయో తెలియాలంటే, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ (మేం వాడే కమాండ్ లైన్ ప్రాసెసర్) వాడేవాళ్లు ‘--లోడ్-ట్రేస్’ ఆప్షన్‌తో ఒకసారి నడపండి. అది లోడ్ చేసిన ప్రతి ఫైలు అడ్రసూ వరసగా కనిపిస్తుంది.

ఇక హెడర్లు చూసే పద్ధతి. దీనికి నెట్‌క్యాట్ (ఒక పోర్టుకి వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చూపించే చిన్న టూల్) చాలు. ఒక టెర్మినల్‌లో దాన్ని 8080 పోర్టులో వినే మోడ్‌లో పెట్టండి. కొన్ని సిస్టమ్స్‌లో ‘-ఎల్’ తర్వాత నేరుగా పోర్టు నంబరు ఇస్తే సరిపోతుంది, కొన్నింటిలో మధ్యలో ‘-పి’ కూడా ఇవ్వాలి. రెండో టెర్మినల్‌లో మీ ప్రాసెసర్‌ని మామూలుగానే నడపండి, కానీ ఇన్‌పుట్ అడ్రస్‌గా లోకల్‌హోస్ట్ 8080లో ఏదో ఒక ఫైలు పేరు ఇవ్వండి. ఆ పేరుతో ఫైలు నిజంగా ఉండక్కర్లేదు. ఎంటర్ కొట్టగానే మొదటి టెర్మినల్‌లో ప్రాసెసర్ పంపిన రిక్వెస్ట్ మొత్తం కనిపిస్తుంది. ప్రాసెసర్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది, కంగారుపడకండి. కావాలంటే నెట్‌క్యాట్ ఉన్న టెర్మినల్‌లో మీరే స్టేటస్ లైను టైప్ చేసి, ఒక ఖాళీ లైను వదిలి, ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్యాగ్ రాసి కనెక్షన్ మూసేయండి. ప్రాసెసర్ దాన్నే డాక్యుమెంట్ అనుకుని పని ముగిస్తుంది. కొత్తవాళ్లకి నేను దీన్ని తప్పకుండా చేయించి చూపిస్తాను. సర్వర్ స్థానంలో తామే కూర్చుని జవాబిచ్చాక వాళ్లకి హెచ్‌టీటీపీ అంటే భయం పోతుంది.

ఆఫీసులో చేస్తుంటే ఒక జాగ్రత్త. ఎన్విరాన్‌మెంట్‌లో హెచ్‌టీటీపీ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) సెట్ చేసి ఉంటే, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ దాన్ని చూసుకుని రిక్వెస్ట్‌ని ప్రాక్సీకి పంపేస్తుంది. మీ నెట్‌క్యాట్‌కి ఏమీ రాదు. ఈ పరీక్ష వరకు ఆ వేరియబుల్ తీసేయండి.

ఆ రాత్రి మా అబ్బాయి స్క్రీన్ మీద కనిపించినవి మూడే మూడు లైన్లు.

గెట్ /లిస్ట్.ఎక్స్‌ఎమ్‌ఎల్ హెచ్‌టీటీపీ/1.0
హోస్ట్: లోకల్‌హోస్ట్:8080
యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్: జీజిప్

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ తనకోసం వేరే హెచ్‌టీటీపీ లైబ్రరీ వాడదు. దాని కింద ఉన్న లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2లో నానోహెచ్‌టీటీపీ అని ఒక చిన్న క్లయింట్ ఉంటుంది. అది పాత 1.0 వెర్షన్‌లోనే మాట్లాడుతుంది. జీజిప్ లైను కూడా జీలిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీతో కలిపి కంపైల్ చేసినప్పుడే వస్తుంది. యూజర్-ఏజెంట్ లేదు. యాక్సెప్ట్ లేదు. నేనెవరో చెప్పను, నాకేం కావాలో చెప్పను, ఫైలు మాత్రం ఇవ్వమన్నట్టు ఉంటుంది ఆ రిక్వెస్ట్. పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ వాడేవాళ్లకి కూడా కింద ఉన్నది ఈ లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2నే. కాకపోతే అక్కడ పార్సర్‌కి నెట్‌వర్క్ వాడకూడదనేది మొదటి నుంచే పెట్టి ఉన్న సెట్టింగ్.

ఈ క్లయింట్‌కి హెచ్‌టీటీపీఎస్ అసలు రాదు. పబ్లిషర్లు తమ అడ్రస్‌లని ఎస్ ఉన్న రూపానికి మార్చేసినప్పుడు, పాత స్టైల్‌షీట్లు ఒక్కసారిగా ‘ఫెయిల్డ్ టు లోడ్’ అనడానికి ముఖ్య కారణం ఇదే. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 కొత్త విడుదలల్లో ఈ క్లయింట్‌నే తీసేశారు. అందుకే ఎవరైనా సాయం అడిగితే ముందు ‘--వెర్షన్’ కొట్టి చూపించమంటాను. క్లయింటే లేని వెర్షన్‌లో హెడర్ల కోసం వెతకడం రాత్రి నిద్ర పాడుచేసుకోవడమే.

జావా వైపు సంగతి వేరు. అక్కడి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్లు శాక్సన్ గానీ జలాన్ గానీ ప్రత్యేకంగా ఏమీ ఏర్పాటు చేయకపోతే జావాలోనే ఉన్న యూఆర్‌ఎల్ కనెక్షన్‌తో ఫైలు తెస్తాయి. జావా 8లో అదే నెట్‌క్యాట్ పరీక్ష చేస్తే ‘యూజర్-ఏజెంట్: జావా/1.8.0’ అని, వెనక అప్‌డేట్ నంబరుతో సహా కనిపిస్తుంది. తర్వాత హోస్ట్. ఆ తర్వాత యాక్సెప్ట్ లైను చూడండి:

యాక్సెప్ట్: టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్, ఇమేజ్/జిఫ్, ఇమేజ్/జేపెగ్, *; క్యూ=.2, */*; క్యూ=.2

మనం అడుగుతున్నది ఎక్స్‌ఎమ్‌ఎల్. జావా మాత్రం వెబ్ పేజీ ఉంటే మొదట అది పెట్టు, జిఫ్ బొమ్మైనా సరే, ఇవేవీ లేకపోతే ఏదైనా పెట్టు అంటోంది. ఒకే అడ్రస్‌లో మనుషులకి వెబ్ పేజీ, మెషీన్లకి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇచ్చే సర్వర్లు ఉంటాయి. అలాంటి సర్వర్ ఈ లైను చూసి వెబ్ పేజీ ఇస్తే తప్పు సర్వర్‌ది కాదు, అడిగిన తీరుది. ఇది చాలా ముఖ్యమని నా అభిప్రాయం. యూజర్-ఏజెంట్ గురించి అందరూ మాట్లాడతారు, యాక్సెప్ట్‌ని ఎవరూ పట్టించుకోరు.

జావాలో హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ అయితే నెట్‌క్యాట్‌తో చూడలేం. లాగింగ్ సెట్టింగ్స్‌లో జావా సొంత హెచ్‌టీటీపీ యూఆర్‌ఎల్ కనెక్షన్ క్లాస్ లెవెల్‌ని, కన్సోల్ హ్యాండ్లర్ లెవెల్‌ని రెండిటినీ ‘ఆల్’ అని పెట్టండి. పంపిన హెడర్లు, వచ్చిన హెడర్లు రెండూ కన్సోల్‌లో కనిపిస్తాయి.

హెడర్లు కనిపించాక, ఏ హెడర్ వల్ల పని ఆగుతోందో తేల్చాలి. దీనికి కర్ల్ (కమాండ్ లైన్ నుంచి సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే టూల్) వాడండి. ముందు కర్ల్‌తో అసలు సర్వర్‌ని మామూలుగా అడగండి. ఫైలు వస్తుంది. తర్వాత ప్రాసెసర్ వేషం వేయించండి: ‘--హెచ్‌టీటీపీ1.0’ పెట్టండి, ‘-హెచ్’ ఆప్షన్‌లో యూజర్-ఏజెంట్ పేరు, కోలన్ రాసి దాని తర్వాత ఏమీ రాయకండి. అలా రాస్తే కర్ల్ ఆ హెడర్‌నే తీసేసి పంపుతుంది. యాక్సెప్ట్‌ని కూడా అలాగే తీసేయండి. ఇప్పుడు ఫైలు రాకపోతే ఒక్కో హెడర్‌ని మళ్లీ చేర్చుకుంటూ వెళ్లండి. ఏది చేర్చగానే ఫైలు వచ్చిందో అదే మీ సమస్య. ఆ రాత్రి మాకు యూజర్-ఏజెంట్ తీసేయగానే 403 (ఇవ్వను అనే జవాబు) వచ్చింది, చేర్చగానే 200 (సరే అనే జవాబు) వచ్చింది. పబ్లిషర్ వాళ్లు ఆ వారమే సర్వర్ ముందు కొత్త ఫైర్‌వాల్ పెట్టారని పొద్దున తెలిసింది. పేరు చెప్పని రిక్వెస్ట్‌లని అది ఆపేస్తోంది.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టినది ఇంకొకటి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ ఆ 403 అనే నంబరు ఎక్కడా చెప్పలేదు. డాక్యుమెంట్ ఫంక్షన్ ఫైలు తేలేకపోతే అది ఒక వార్నింగ్ ఇచ్చి, ఫైలు ఖాళీగా ఉందన్నట్టు ముందుకు పోయింది. అవుట్‌పుట్ 212 ఫైళ్లూ వచ్చాయి, జర్నల్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మా అబ్బాయి కళ్లతో చూశాడు కాబట్టి సరిపోయింది, లేదంటే పబ్లిషర్ దాకా వెళ్లిపోయేవి. మీ స్టైల్‌షీట్‌లో డాక్యుమెంట్ పిలిచిన ప్రతి చోటా, వచ్చినదాంట్లో రూట్ ఎలిమెంట్ ఉందో లేదో చూసి, లేకపోతే మెసేజ్‌తో ఆపేసే లైను రాయండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 ఆపైన వాడేవాళ్లకి డాక్-అవైలబుల్ ఫంక్షన్ ఉంది.

జావాలో ఇంకో రకం తికమక ఉంది. 403 అయితే అది ఎక్సెప్షన్‌లో నంబరు చెబుతుంది, మంచిదే. కానీ సర్వర్ 301తో హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌కి పొమ్మంటే, జావా పాత కనెక్షన్ క్లాస్ ప్రోటోకాల్ దాటి వెళ్లదు. పొమ్మని చెప్పిన ఆ చిన్న వెబ్ పేజీనే తెచ్చి పార్సర్‌కి ఇస్తుంది. అప్పుడు వచ్చే ఎర్రర్లకి, అసలు సమస్యకి సంబంధమే కనిపించదు. ‘హెచ్‌ఆర్ అనే ఎలిమెంట్‌కి ముగింపు ట్యాగ్ లేదు’ అంటుంది. మీ డాక్యుమెంట్‌లో హెచ్‌ఆర్ ఎక్కడుందా అని గంటలు వెతుకుతారు. అది ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఇచ్చే 301 పేజీలోది. డీటీడీ విషయంలో ఇదే జరిగితే ‘డాక్యుమెంట్ టైప్ డిక్లరేషన్‌లోని మార్కప్ డిక్లరేషన్లు వెల్-ఫార్మ్‌డ్‌గా ఉండాలి’ అనే అర్థంలో ఒక ఎర్రర్ వస్తుంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా ముందు కర్ల్‌తో ఆ అడ్రస్ అడిగి 301 ఉందేమో చూడండి.

ఇప్పుడు మార్చడం ఎలాగో చూద్దాం. పీహెచ్‌పీలో ఇది చాలా తేలిక. అక్కడ లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు తెచ్చే పనిని పీహెచ్‌పీ తన సొంత స్ట్రీమ్‌లతో చేస్తుంది. స్ట్రీమ్ కాంటెక్స్ట్ ఒకటి తయారుచేసి, అందులో యూజర్-ఏజెంట్ రాసి, ‘లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ సెట్ స్ట్రీమ్స్ కాంటెక్స్ట్’ అనే ఫంక్షన్‌కి ఇస్తే చాలు.

జావాలో రెండు మార్గాలు. కమాండ్ లైన్లో ‘హెచ్‌టీటీపీ.ఏజెంట్’ ప్రాపర్టీ ఇస్తే యూజర్-ఏజెంట్ మారుతుంది, మీరిచ్చిన పేరు వెనక జావా వెర్షన్ కూడా చేరుతుంది. యాక్సెప్ట్ మాత్రం మారదు. అది కూడా మార్చాలంటే యూఆర్‌ఐ రిజాల్వర్ (ప్రాసెసర్ అడ్రస్ అడిగితే ఫైలు తెచ్చి ఇచ్చే చిన్న క్లాస్) రాసుకోవాలి. దాన్ని చూసి భయపడక్కర్లేదు, అందులో ఒక్కటే మెథడ్. స్టైల్‌షీట్‌లో రాసిన హెచ్‌రెఫ్, బేస్ అడ్రస్ రెండూ ప్రాసెసర్ మీ చేతికి ఇస్తుంది. రెండూ కలిపి పూర్తి అడ్రస్ చేసుకోండి. కనెక్షన్ తెరిచే ముందు యూజర్-ఏజెంట్ మీ పేరుతో పెట్టండి, యాక్సెప్ట్‌లో అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్ ముందు, టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్ తర్వాత రాయండి. టైమ్‌అవుట్ తప్పకుండా పెట్టండి, ఎందుకంటే ఏమీ పెట్టకపోతే జావా ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. నేను కనెక్ట్‌కి 5 సెకన్లు, చదవడానికి 20 సెకన్లు పెడతాను.

ఇక్కడ మా వాళ్లు మళ్లీ మళ్లీ చేసే తప్పులు రెండు. మొదటిది, స్ట్రీమ్ సోర్స్ తిరిగి ఇచ్చేటప్పుడు సిస్టమ్ ఐడీ పెట్టడం మర్చిపోతారు. అది లేకపోతే, తెచ్చిన ఫైలు లోపల ఉన్న రిలేటివ్ ఇంపోర్ట్‌లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ప్రాసెసర్‌కి తెలియదు. రెండోది, బైట్ల స్ట్రీమ్ ఇవ్వకుండా దాన్ని రీడర్‌గా మార్చి ఇస్తారు. అలా చేస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ మొదటి లైన్లో రాసిన ఎన్‌కోడింగ్‌ని పార్సర్ పట్టించుకోదు, రీడర్ ఏది అనుకుంటే అదే. జావా 18 ముందు వరకు విండోస్‌లో రీడర్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సిస్టమ్‌ది తీసుకునేది. ఒక భాషాశాస్త్ర జర్నల్లో తెలుగు ఉదాహరణ వాక్యాలు ఉన్న ఆర్టికల్ మా దగ్గరికి వచ్చింది. యూటీఎఫ్-8లో నిక్షేపంగా ఉన్న ఆ వాక్యాలన్నీ పిచ్చి గుర్తులుగా మారిపోయాయి. సొంత భాష అలా చెదిరిపోయి కనిపిస్తే చాలా బాధేసింది. ఆ రోజు నుంచి రీడర్ కనిపిస్తే కోడ్ రివ్యూలో ఆపేస్తున్నాను.

యూఆర్‌ఐ రిజాల్వర్ డీటీడీలని పట్టించుకోదు. వాటికి ఎంటిటీ రిజాల్వర్ వేరుగా పెట్టాలి. రెండిట్లో ఒకటే పెట్టి, హెడర్లు మార్చినా ఇంకా పాతవే వెళ్తున్నాయని నన్ను అడిగినవాళ్లు చాలామంది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌లో అయితే హెడర్ మార్చే ఆప్షనే లేదు. అందుకే ఆ రాత్రి మేం వేరే దారి పట్టాం. కర్ల్‌తో ఆ ఫైలు ఒక్కసారి తెచ్చి డిస్క్‌లో పెట్టుకున్నాం, దాని దారిని పారామీటర్‌గా ఇచ్చాం, ‘--నోనెట్’ పెట్టి నడిపాం. ఆ ఆప్షన్ ఉంటే ప్రాసెసర్ నెట్‌లోకి అసలు వెళ్లదు, వెళ్లబోతే ఎర్రర్ చెబుతుంది. 212 ఆర్టికల్స్ అంతకుముందెప్పుడూ లేనంత తొందరగా అయిపోయాయి. అప్పుడు వెలిగింది నాకు. డాక్యుమెంట్ ఫంక్షన్ ఒక రన్‌లో ఒక అడ్రస్‌ని ఒక్కసారే తెస్తుంది, నిజమే. కానీ మేం ఒక్కో ఆర్టికల్‌ని వేరే రన్‌గా నడుపుతున్నాం. అంటే ప్రతి రాత్రీ ఒకే ఫైలుని, ‘మారిందా’ అని కూడా అడక్కుండా, 212 సార్లు మొత్తంగా తెప్పించుకుంటున్నాం. ఈ ప్రాసెసర్లు తమంతట తాము ఇఫ్-మాడిఫైడ్-సిన్స్ లాంటి హెడర్ పంపవు.

ఇది మన ఒక్కరి దగ్గర చిన్నగానే కనిపిస్తుంది. అందరివీ కలిస్తే ఎంతవుతుందో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ వాళ్లు 2008 ఫిబ్రవరిలో బయటపెట్టారు. ఏళ్ల తరబడి మారని డీటీడీల కోసం, ఇంకా అలాంటి ఫైళ్ల కోసం తమ సర్వర్లకి రోజుకి 13 కోట్ల దాకా రిక్వెస్ట్‌లు వస్తున్నాయని, ఒక్కోసారి సెకనుకి 350 మెగాబిట్ల బ్యాండ్‌విడ్త్ వాటికే పోతోందని రాశారు. రిక్వెస్ట్ పంపే సాఫ్ట్‌వేర్ తనెవరో యూజర్-ఏజెంట్‌లో సరిగ్గా చెప్పాలని అప్పుడే అడిగారు. ఉత్త ‘జావా/1.6.0’ అని ఉంటే ఎవరికి ఫోన్ చేసి చెప్పాలి? 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా, వద్దని ప్రత్యేకంగా సెట్ చేస్తే తప్ప, ప్రతి రిక్వెస్ట్‌తో యూజర్-ఏజెంట్ పంపాలనే చెబుతోంది. ఆ లెక్కలు చదివాక, మా 212ని నేను చిన్న సంఖ్య అనుకోలేకపోయాను.

కాబట్టి శాశ్వతంగా చేయాల్సింది క్యాటలాగ్. ఇది కూడా ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలే. ఈ అడ్రస్ అడిగితే డిస్క్‌లో ఈ ఫైలు ఇవ్వు అని అందులో రాస్తాం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ దీన్ని ఈటీసీ కింద ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫోల్డర్లో వెతుకుతుంది, లేదా ‘ఎక్స్‌ఎమ్‌ఎల్ క్యాటలాగ్ ఫైల్స్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పిన చోట. శాక్సన్‌కి ‘-క్యాటలాగ్’ ఆప్షన్ ఉంది. రాసేటప్పుడు ఒక తేడా గమనించండి. డీటీడీ అడ్రస్‌లకి ‘సిస్టమ్’ ఎంట్రీ, స్టైల్‌షీట్లకీ డాక్యుమెంట్ ఫంక్షన్ అడ్రస్‌లకీ ‘యూఆర్‌ఐ’ ఎంట్రీ. జావా రిజాల్వర్లలో కొన్ని ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ఒప్పుకోవు. నేను అనుమానం ఉన్న చోట రెండూ రాస్తాను. అడ్రస్ ఎస్ లేకుండా ఒకసారి, ఎస్‌తో ఒకసారి కూడా రాస్తాను, ఎందుకంటే పాత ఫైళ్లలో ఏది ఉంటుందో చెప్పలేం. రాశాక ‘--నోనెట్’ పెట్టి ఒక ఆర్టికల్ నడపండి. ఎర్రర్ రాకపోతే క్యాటలాగ్ పూర్తిగా కుదిరినట్టు. వస్తే, ఏ అడ్రస్ మిగిలిపోయిందో ఆ ఎర్రర్లోనే ఉంటుంది.

మా జర్నల్ లిస్టు అప్పుడప్పుడు మారుతుంది, కాబట్టి రోజూ సాయంత్రం ఏడింటికి కర్ల్ దాన్ని ఒక్కసారి తెస్తుంది, అదీ మన దగ్గరున్న కాపీ కన్నా కొత్తది ఉంటేనే. ఆ రిక్వెస్ట్ యూజర్-ఏజెంట్‌లో మా టూల్ పేరు, వెర్షన్ నంబరు, టీం మెయిల్ ఐడీ రాశాం. మనిషి మెయిల్ కాకుండా టీం మెయిల్ పెట్టండి, మనుషులు ఉద్యోగాలు మారుతుంటారు.

మూడు నెలల తర్వాత ఆ మెయిల్ ఐడీకి ఒక ఉత్తరం వచ్చింది. పబ్లిషర్ దగ్గర సర్వర్లు చూసే ఆవిడ రాశారు. లాగ్‌లో మా పేరు కనిపించిందట. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి లిస్టు ఫైలు అడ్రస్ మారుతోందని, కొత్తది ఇదని. మా అబ్బాయే కర్ల్ స్క్రిప్టులో ఆ ఒక్క లైను మార్చాడు.